ఇంటి వ్యాయామ సాధనాలు: ఆన్‌లైన్‌లో కొనాలా, ఊరి దుకాణంలో కొనాలా?

వ్యాయామం చేయమని వైద్యుడు చెప్పగానే ఒకప్పుడు రోగి అడిగే ప్రశ్న "ఎంతసేపు నడవాలి?" అని. ఇప్పుడా ప్రశ్న "ఏ మిషన్ కొనాలి, ఎక్కడ కొనాలి?" అని మారింది. డిచ్‌పల్లి పరిసర గ్రామాల నుండి, ఆర్మూరు వైపు పసుపు రైతు కుటుంబాల నుండి నా వద్దకు వచ్చే మధుమేహ రోగులు, మోకాళ్ల నొప్పుల వారు, స్థూలకాయులు తరచుగా అడిగేది ఇదే. "సారూ, ఫోన్‌ల తీసుకుంటే నాలుగు వేలు తక్కువ పడుతది. నిజామాబాద్‌ల అయితే ఎక్కువ చెప్తున్నరు. ఏం జేయాలె?" అంటారు. ఇది ధరకు సంబంధించిన ప్రశ్నగా కనిపించినా, నిజానికి ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న. సరిపడని సాధనం కొన్నవాడు డబ్బుతోపాటు వ్యాయామాన్ని కూడా పోగొట్టుకుంటాడు. అందువలన ఈ పాఠంలో ఈ విషయాన్ని మొదటి నుండి క్రమంగా పరిశీలిద్దాం.

శాస్త్రం ఏమంటుంది?

వ్యాయామం వలన శరీరానికి లాఘవం, పని చేసే శక్తి, జఠరాగ్ని దీప్తి, మేదస్సు క్షయం కలుగుతాయని వాగ్భటుడు అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయంలో చెప్పాడు. అయితే వ్యాయామానికి హద్దు కూడా ఆయనే గీశాడు. బలవంతులు, స్నిగ్ధాహారం తీసుకునేవారు సైతం శీతకాలంలోను, వసంతంలోను తమ శక్తిలో సగం వరకే చేయాలి. మిగిలిన ఋతువులలో అంతకంటె తక్కువ చేయాలి. వాత, పిత్త వ్యాధులు గలవారు, బాలురు, వృద్ధులు, అజీర్ణంతో ఉన్నవారు ఈ కఠిన వ్యాయామానికి దూరంగా ఉండాలి. నుదుట, ముక్కు మీద, చంకలలో చెమట పట్టి, నోరు ఎండుతున్నట్లయితే అర్ధశక్తి ముగిసిందని గుర్తు. అక్కడ ఆపాలి. హద్దు మీరితే దప్పిక, దగ్గు, జ్వరం, క్షీణత వంటివి కలుగుతాయి.

మధుమేహ రోగులు మరొక మాట గమనించాలి. సుశ్రుత సంహితలో ప్రమేహ చికిత్స చెప్పినపుడు ధనవంతునికి, పేదవానికి వేర్వేరు మార్గాలు చూపబడ్డాయి. ఉన్నవాడు మల్లయుద్ధం, క్రీడలు, గుర్రపు స్వారీ వంటివి చేయవచ్చు. లేనివాడు దూరాలు నడవాలి, ఆవుల వెంట తిరగాలి, బావులు తవ్వాలి. ఫలం ఇద్దరికీ ఒకటే. అంటే సాధనం ముఖ్యం కాదు, శ్రమ ముఖ్యం. (పాదాలలో స్పర్శ తగ్గిన మధుమేహ రోగులు చెప్పులు లేకుండా నడవరాదన్నది నేటి వైద్యం నేర్పిన జాగ్రత్త. దీనిని మరువవద్దు.)

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలు వారానికి 150 నుండి 300 నిమిషాల వరకు మధ్యరకం శ్రమ చేయాలి. వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలి. 65 ఏళ్లు దాటినవారు తూలి పడకుండా వారానికి మూడు రోజులు శరీర సమతౌల్యానికి ఉపకరించే కదలికలు చేయాలి. ఈ లెక్కలో ఎక్కడా యంత్రం ప్రసక్తి లేదు.

మరి యంత్రం ఎవరికి అవసరం?

మన ప్రాంతంలో యంత్రం అవసరమయ్యే వారు లేకపోలేదు. డిచ్‌పల్లి 44వ జాతీయ రహదారి మీద ఉన్న ఊరు. తెల్లవారుజామున చీకటిలో రహదారి అంచున నడవడం వృద్ధులకు ప్రమాదకరం. వేసవిలో నిజామాబాద్ జిల్లాలో ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. ఉదయం ఎనిమిది దాటితే బయట నడక కష్టం. ఇంటి పనితో, పొలం పనితో తీరిక దొరకని గృహిణులకు ఇంట్లోనే అరగంట సాధన సులభం. మోకాలి కీలు అరిగినవారికి నేల మీద నడక కంటె కూర్చుని తొక్కే సైకిలు తేలిక.

అయితే కొనే ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. వరుసగా 21 రోజులు, రోజూ ఒకే వేళకు, అరగంట నడవండి. ఎండైతే ఇంటి వసారాలోనే నడవండి. మోకాళ్లు బాగున్నవారు గుట్ట మీది రామాలయం మెట్లు ఎక్కవచ్చు. ఈ 21 రోజులలో ఐదారు రోజుల కంటె ఎక్కువ మానినట్లయితే మీకు లోపించినది యంత్రం కాదు, నియమం. నియమాన్ని ఏ దుకాణమూ అమ్మదు. బట్టలు ఆరవేసుకునేందుకు ఉపయోగపడుతున్న సైకిలు యంత్రాలను నేను చాలా ఇళ్లలో చూశాను.

ఇంటికి తెప్పించుకోవడం కొత్త కాదు

చూడకుండా కొనడం ఆన్‌లైన్‌తో మొదలైనది కాదు. 1905లో మన దేశంలో పర్యటించిన జర్మన్ దేశీయ బలశాలి యూజెన్ శాండో స్ప్రింగు డంబెల్స్‌ను, వాటితోపాటు వ్యాయామ పాఠాలను తపాలా ద్వారా అమ్మాడు. 1970, 80 దశకాలలో బుల్‌వర్కర్ అనే సాధనం ప్రకటనలు మన పత్రికలలో వచ్చేవి. 1990 దశకంలో పొట్ట తగ్గించే సాధనాలు టెలివిజన్ ద్వారా ఇళ్లలోకి వచ్చాయి. ప్రతి తరంలోను ప్రకటనలో కనిపించే మనిషి శరీరం ఆ సాధనం వలననే వచ్చిందన్న భ్రమ కొనుగోలుదారుకు కలిగింది. మరోవైపు కోడి రామమూర్తి నాయుడు వంటి మన బలశాలులు దండేలు, బస్కీలు, సాము గరిడీల సంప్రదాయం నుండి వచ్చినవారు.

పసుపు రాశి నేర్పే పాఠం

ఈ విషయంలో మన పసుపు రైతుకు ఎవరూ కొత్తగా చెప్పవలసినది లేదు. 2016 ఏప్రిల్ 14న ఇ-నామ్ జాతీయ వ్యవసాయ మార్కెట్ ప్రారంభమైనపుడు అందులో చేరిన తొలి మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. అక్కడ పసుపుకు వ్యాపారులు కంప్యూటరులో ధర వేస్తారు. అయితే ధర వేసే ముందు వ్యాపారి రాశి దగ్గరకు వస్తాడు. కొమ్మును చేతిలోకి తీసుకుని విరిచి చూస్తాడు. లోపలి రంగు, ఆరుదల పరిశీలిస్తాడు. కొమ్ము వేరు, మండ వేరు అని ఎంచుతాడు. ధర ఆన్‌లైన్‌లో వేసినా సరుకును కళ్లతో చూసి, చేతితో విరిచి, కాంటా మీద తూచిన తరువాతే బేరం తెగుతుంది. పసుపు అమ్మేటపుడు మనం గమనించే ఈ పద్ధతిని, యంత్రం కొనేటపుడు మాత్రం మరచిపోతున్నాం.

చికిత్సకు నాలుగు పాదాలు, కొనుగోలుకూ నాలుగే

చరక సంహిత సూత్రస్థానంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పబడ్డాయి: వైద్యుడు, ద్రవ్యం, ఉపస్థాత అనగా సేవకుడు, రోగి. వీటిలో ఏ పాదం లోపించినా చికిత్స కుంటుతుంది. యంత్రం కొనుగోలును కూడా నేను ఈ కొలతతోనే చూస్తాను. అమ్మేవాడు, యంత్రం, బాగుచేసే మెకానిక్, వాడే మనిషి. ఎక్కడ కొన్నామన్నది కాదు, ఈ నాలుగూ సమకూరాయా అన్నదే ప్రశ్న.

ఇందుకు రెండు అనుభవాలు చెబుతాను. మధుమేహం గల ఒక రైతు ఆన్‌లైన్‌లో ట్రెడ్‌మిల్ తెప్పించుకున్నాడు. ధర తక్కువే, యంత్రమూ చెడ్డది కాదు. మూడవ నెలలో బెల్టు నిలిచిపోయింది. వారంటీ ఉంది గాని బాగుచేసే మనిషి హైదరాబాద్ నుండి, సుమారు 160 కిలోమీటర్లు రావాలి. ఆరు వారాలు గడిచాయి. "మిషన్ బాగైతే మొదలు పెడతా" అని ఆ ఆరు వారాలూ అతడు నడవలేదు. తరువాత రక్తపరీక్షలో చక్కెర పెరిగి కనిపించింది.

రెండవ అనుభవం ఒక గృహిణిది. ఆమె పట్టణంలోని ఒక దుకాణంలో చూసి, కూర్చుని, తొక్కి సైకిలు యంత్రం కొన్నది. పన్ను తగ్గుతుందని బిల్లు లేకుండా కచ్చా చీటీ తీసుకున్నది. ఏడాది లోపలే పెడలు కాడ విరిగింది. దుకాణదారు ఆ చీటీ తనది కాదన్నాడు. కొన్నట్లు రుజువు లేదు.

మొదటివానికి మూడవ పాదం లోపించింది. రెండవ ఆమెకు మొదటి పాదం లోపించింది. కనుక ఆన్‌లైన్ అంతా మోసమనీ, ఊరి దుకాణమంతా నమ్మకమనీ అనుకోరాదు.

యంత్రంలో చూడవలసినవి

ట్రెడ్‌మిల్: రైతుకు మోటారు హెచ్.పి. అంటే చెప్పనవసరం లేదు. ఒక హెచ్.పి. అంటే 746 వాట్లు. ప్రకటనలో 4 హెచ్.పి. అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అదే యంత్రాన్ని ఇంట్లోని చిన్న 5 ఆంపియర్ల ప్లగ్గుకు పెట్టుకోవచ్చునని కూడా ఉంటుంది. 230 వోల్టుల వద్ద 5 ఆంపియర్లంటే 1150 వాట్లు, అనగా సుమారు ఒకటిన్నర హెచ్.పి. మాత్రమే. మరి 4 హెచ్.పి. ఎక్కడ నుండి వచ్చింది? అది క్షణకాలం అందుకోగల గరిష్ఠ శక్తి, అంటే పీక్. మీరు చూడవలసినది నిరంతరం ఇచ్చే శక్తి, అంటే కంటిన్యువస్ హెచ్.పి. రెండవది, యంత్రం మోయగల బరువు. మీ బరువు కంటె కనీసం 20 కిలోలు ఎక్కువ మోసేదై ఉండాలి. మూడవది, బెల్టు వెడల్పు, పొడవు. అడుగు పొడవుగా వేసేవానికి పొట్టి బెల్టు సరిపడదు. నాల్గవది, అత్యవసరంగా ఆపే తాళం చెవి. దాని దారాన్ని బట్టలకు తగిలించుకుంటే మనిషి జారగానే యంత్రం ఆగుతుంది.

కరెంటు సంగతి ప్రత్యేకంగా చూడాలి. మన గ్రామాలలో వోల్టేజి హెచ్చుతగ్గులు సామాన్యం. ఎర్తింగ్ లేని ఇంట్లో ట్రెడ్‌మిల్ పెట్టరాదు. తగిన స్టెబిలైజర్ ధరను కూడా యంత్రం ధరలో కలిపి లెక్క వేసుకోవాలి. నడుస్తుండగా కరెంటు పోతే మనిషి ముందుకు తూలుతాడు. అందుకే వృద్ధులు పక్క పిడులను పట్టుకుని నెమ్మదిగానే నడవాలి.

సైకిలు యంత్రం: పెడలు అడుగున ఉన్నపుడు మోకాలు కొద్దిగా వంగి, దాదాపు చాచినట్లుండాలి. సీటు కిందికి ఉంటే మోకాలి చిప్ప మీద ఒత్తిడి పడుతుంది. సీటు ఎత్తైతే నడుము పక్కలకు ఊగుతుంది. పొట్టి స్త్రీలకు కొన్ని యంత్రాల సీటు ఎంత దించినా ఎత్తుగానే ఉంటుంది. ఈ సంగతి ఫోనులోని బొమ్మ చెప్పదు, కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. అయస్కాంత నిరోధం గల చక్రానికి శబ్దం, అరుగుదల తక్కువ. రాపిడి పట్టీ గలది చౌక, కాని పట్టీ అరిగినపుడు మార్చాలి. చక్రం పూర్తిగా మూసి ఉండాలి. చీర కొంగు, పిల్లల వేళ్లు తెరచిన చక్రంలో చిక్కుకునే ప్రమాదం ఉన్నది. స్త్రీలు సల్వార్ వంటి బిగుతైన బట్టలలో తొక్కడమే క్షేమం.

డంబెల్స్: ఇవి ఇనుపవి కావచ్చు, ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు నింపినవి కావచ్చు. సిమెంటువి చౌక, కాని లావుగా ఉంటాయి, కింద పడితే పగులుతాయి. ఎక్కడ కొన్నా కాంటా మీద తూచండి. జతలో ఒకటి బరువు, ఒకటి తేలిక అయితే భుజాలు సమంగా పని చేయవు.

ఏది ఎక్కడ కొనాలి?

నా సలహాను మూడు తరగతులుగా చెబుతాను.

మొదటి తరగతి: కదిలే భాగాలు లేనివి. యోగా చాప, రబ్బరు పట్టీ, తాడు, డంబెల్స్. ఇవి చెడితే బాగుచేసే మనిషి అవసరం లేదు. ధర తక్కువైన చోట, ఆన్‌లైన్‌లోనైనా, నిశ్చింతగా కొనవచ్చు. బరువైన డంబెల్స్‌కు రవాణా ఖర్చు కలిస్తే ఊరిలోనే చవక కావచ్చు. లెక్క చూసుకోండి.

రెండవ తరగతి: కదిలే భాగాలుండి కరెంటు లేనివి, అనగా సైకిలు యంత్రాల వంటివి. ముందు నిజామాబాద్ వెళ్లి కూర్చుని, పది నిమిషాలు తొక్కి చూడండి. మీ శరీరానికి సరిపడిన కొలత తెలిసిన తరువాత రెండు ధరలు పోల్చండి. అయితే దుకాణదారు సమయాన్ని వాడుకుని ఫోనులో కొనే ముందు అతనికి ఒక అవకాశం ఇవ్వండి. ఆ ధర చూపి, ఇంటికి తెచ్చి బిగించడం, ఏడాదిలో రెండుసార్లు సర్వీసు చేయడం కలిపి ఎంతకు ఇస్తావని అడగండి. చాలామంది దుకాణదారులు దిగి వస్తారు.

మూడవ తరగతి: కరెంటుతో నడిచేవి, ముఖ్యంగా ట్రెడ్‌మిల్. వీటిని మెకానిక్ ఒకటి రెండు రోజులలో మీ ఇంటికి రాగల చోటనే కొనండి. డిచ్‌పల్లికి నిజామాబాద్ సుమారు 15 కిలోమీటర్లు. ఉదాహరణకు ఆన్‌లైన్ ధర 28 వేలు, డీలరు ధర 32 వేలు అనుకుందాం. తేడా 4 వేలు. బిగింపు కూలి, మెట్ల మీదికి మోసే కూలి, దూరం నుండి వచ్చే మెకానిక్ ఖర్చు కలిపితే ఆ తేడాలో ఎంత మిగులుతుందో చూడండి. యంత్రం ఆగిన రోజులలో మీ వ్యాయామం కూడా ఆగుతుందన్నది ఆ లెక్కలో చేర్చండి.

ఆన్‌లైన్‌లో కొనేవారికి జాగ్రత్తలు

ఆ కంపెనీకి నిజామాబాద్ జిల్లాలో సర్వీసు ఉన్నదా అని కొనక ముందే ఫోను చేసి అడగండి. మోటారు వారంటీ వేరు, మిగిలిన భాగాల వారంటీ వేరు, కూలి వేరు. మూడింటినీ చదవండి. "ఇంకా రెండే మిగిలాయి" వంటి తొందరపెట్టే మాటలకు లొంగవద్దు. ఇటువంటి బూటకపు తొందరను, చివరలో ధర పెంచే ఎత్తుగడలను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించింది. సరుకు రాగానే పెట్టె విప్పడాన్ని మొదటి నుండి చివరి వరకు ఫోనులో చిత్రీకరించండి. తిరిగి పంపే గడువు ముగిసే వరకు అట్టపెట్టెను పారవేయవద్దు. గడువు లోపలే యంత్రాన్ని రోజూ వాడి చూడండి. పండుగకు ముహూర్తం చూసి విప్పుదామని అటక మీద పెడితే గడువు దాటుతుంది.

డీలరు వద్ద కొనేవారికి జాగ్రత్తలు

జి.ఎస్.టి. నంబరు గల పక్కా బిల్లు తీసుకోండి. దానిపై యంత్రం పేరు, వరుస సంఖ్య ఉండాలి. వారంటీ కార్డు మీద దుకాణం ముద్ర, తేదీ వేయించండి. వారంటీ ఇచ్చేది కంపెనీయా, దుకాణమా అని అడగండి. ఉచిత సర్వీసు నోటిమాటగా చెబితే దానిని బిల్లు మీదనే వ్రాయించండి. పెట్టెపై గరిష్ఠ చిల్లర ధర, తయారీ నెల, సంవత్సరం, దిగుమతి సరుకైతే దిగుమతిదారు చిరునామా చూడండి.

చట్టం మీ పక్షాన ఉన్నది

వినియోగదారుల రక్షణ చట్టం 2019, 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల రూపాయల వరకు విలువ గల కేసులకు రుసుము లేదు. వివాదం తలెత్తిన నాటి నుండి రెండు సంవత్సరాల లోపల ఫిర్యాదు చేయాలి. 2020లోనే వచ్చిన ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ సంస్థ ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెల రోజులలో పరిష్కరించాలి. లోపమున్న సరుకును, చెప్పిన దానికి భిన్నంగా వచ్చిన సరుకును తిరిగి తీసుకోనని అమ్మకందారు అనరాదు. మొదట జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేయండి. అయితే వీటన్నిటికీ మూలం చేతిలోని బిల్లే.

యంత్రం వచ్చిన తరువాత

గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు తమ వైద్యుని అడగకుండా మొదలు పెట్టరాదు. మధుమేహానికి ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడేవారు వ్యాయామ సమయంలో చక్కెర పడిపోకుండా వేళను వైద్యునితో నిర్ణయించుకోవాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఆయాసం కలిగితే వెంటనే ఆపి వైద్యుని చూడాలి.

మొదటి వారం పది నిమిషాలు చాలు. ప్రతి వారం ఐదు నిమిషాలు పెంచండి. భోజనమైన వెంటనే చేయరాదు. చేసే ముందు గోరువెచ్చని నువ్వుల నూనెను కీళ్లకు మర్దనా చేసుకుంటే బిగువు సడలుతుంది. అరికాళ్లకు మాత్రం నూనె రాసుకుని యంత్రమెక్కరాదు, జారుతుంది. చేసిన తరువాత చెమట ఆరనిచ్చి, పెసరపిండితో నలుగు పెట్టుకుని గోరువెచ్చని నీటితో స్నానం చేయండి. కండరాలు పట్టివేసినట్లయితే పసుపు, ఉప్పు కొద్ది నీటితో ఉడికించి గోరువెచ్చగా పట్టు వేయండి. చర్మం మీద పుండు ఉంటే గాని, మధుమేహంతో స్పర్శ తగ్గి ఉంటే గాని వేడి పట్టు వేయరాదు. వాపు ఎక్కువగా ఉండి అడుగు వేయలేకపోతే ఎముక పరీక్ష చేయించాలి.

యంత్రం ఎప్పుడైనా చెడిపోవచ్చు. అది బాగయ్యే వరకు, అదే వేళకు, అదే అరగంట వసారాలో నడవండి. ఈ నియమం పెట్టుకున్న ఇంట్లో యంత్రం ఎక్కడ కొన్నా ఉపకరిస్తుంది.